వెలగాల్సిన స్లైడు

పరిశోధనశాల తలుపు తీయగానే ఫార్మలిన్ వాసన ఘాటుగా తగిలింది. డిటెక్టివ్ కళ్ళు చెమర్చాయి. అది ఫార్మలిన్ వల్లేనని ఆమె తనకు తాను నచ్చచెప్పుకుంది.

ఒకప్పుడు ఆమె పగళ్ళన్నీ ఈ గదిలోనే గడిచాయి. కిటికీ పక్కన, నమూనాలను గడ్డకట్టించి కోసే యంత్రం ఉన్నచోటే ఉంది. దాని ముందు అదే ఎత్తు స్టూలు. ఎలుక వెన్నుపామును ఉల్లిపొర కన్నా పలచగా కోసి స్లైడు మీదికి ఎత్తడం ఆ రోజుల్లో ఆమె పని. పొద్దస్తమానం బ్లేడుతోనే కాపురం కనక తోటివాళ్ళు ఆమెకు ‘బ్లేడు’ అని పేరు పెట్టారు. కొత్తగా చేరినవాళ్ళు అసలు సంగతి తెలియక, ఈవిడ మాటలతో చంపుకు తింటుంది కాబోలనుకుని దూరంగా కూర్చునేవారు.

నిన్న సాయంత్రం, ఈ అంతస్తు నుంచి కిందికి దిగే మెట్ల దగ్గర, ఆమెకు ఈ పని నేర్పిన మాస్టారు పడిపోయి కనిపించారు. తలకు దెబ్బ. ఆసుపత్రిలో ఇంకా కళ్ళు తెరవలేదు. ఉద్యోగ విరమణ అయినా రోజూ ఇక్కడికి వచ్చి పాత స్లైడ్లు చూసుకోవడం ఆయన అలవాటు. పొద్దున్నే ఆయన భార్య ఫోను చేసింది. విద్యార్థులందరికీ ఆవిడ పిన్నిగారు.

“కాలు జారిందంటున్నారే అమ్మడూ. ఆ మెట్లు ఆయనకి కళ్ళకి గంతలు కట్టినా తెలుసు. నువ్వొకసారి వెళ్ళి చూడు” అంది. ఏడవలేదు. అందుకే డిటెక్టివ్ ఉన్నపళంగా బయల్దేరింది.

వరండాలో ఇన్‌స్పెక్టర్ అప్పటికే కుర్చీ వేయించుకుని ఉన్నాడు. గతంలో రెండు మూడు కేసుల్లో వాళ్ళిద్దరూ ఉప్పూ నిప్పూలా తలపడ్డవాళ్ళే.

“రండి మేడమ్. వంటంతా అయ్యాక విస్తరేసుకుని వచ్చారు” అన్నాడు నవ్వుతూ. “నేరం చేసిన మనిషి దొరికింది. ఎలుకల గది చూసుకునే ఆవిడే. నిన్న మధ్యాహ్నం పెద్దాయన ఆవిడ మీద కేకలేశారు. అందరూ విన్నారు. ఆవిడ బట్టల మీద ఆయన రక్తం ఉంది. ఇంకేం కావాలి?”

“పడిపోయిన మనిషి తల ఒళ్ళో పెట్టుకుంటే రక్తం అంటదా?”

“సరే, ఇటు చూడండి.” అతను లేచి నేల చూపించాడు. మైనం పూసి నున్నగా తుడిచిన వరండా మీద, మాస్టారి గది దగ్గర్నించి మెట్లదాకా నల్లటి గీతలున్నాయి. “ఇవి బూట్ల గీతలు. ఆయన్ని ఇక్కడిదాకా ఈడ్చుకొచ్చి తోసేసింది.”

డిటెక్టివ్ మోకాళ్ళ మీద కూర్చుని గీతల వెంట చూపు పోనిచ్చింది. తరువాత, “ఆ బూట్లేవి?” అని అడిగింది. ఇన్‌స్పెక్టర్ సంచిలోంచి తీసి ఇచ్చాడు. ముందు కొసల దగ్గర తోలు లేచిపోయింది. మడమలు చెక్కుచెదరలేదు.

“మనిషిని చంకల కింద పట్టుకుని ఈడిస్తే మడమలు రాసుకుంటాయి ఇన్‌స్పెక్టర్‌గారూ. గీత కూడా ఏకధారగా పడుతుంది. ఇవి ముక్కముక్కలుగా ఉన్నాయి. కుడి, ఎడమ, మళ్ళీ కుడి. ఆయన్నెవరూ ఈడ్చలేదు. ఆయనే నడిచారు, కాళ్ళీడ్చుకుంటూ.”

“వయసు మీద పడింది కదా!”

“పోయిన నెల నన్ను బస్సెక్కించడానికి వచ్చి, నాకన్నా ముందు నడిచారు. నేనే ఆయాసపడ్డాను.”

ఆమె మెట్లు దిగింది. కమ్మీ మీద దుమ్ము పైనుంచి సగందాకా ఒకే పట్టుగా తుడుచుకుపోయి ఉంది. ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, బరువంతా దాని మీదే వేసి దిగారన్నమాట. మరి రెండో చేతిలో ఏముంది? చివరి మెట్టు మూలన చిన్న గాజు పెచ్చు మెరిసింది. గోరు కన్నా పలచన. వేలితో తీసి చూస్తే జిగటగా అంటుకుంది.

“ఇది స్లైడు మీద మూతగా పెట్టే అద్దం. ఆయన చేతిలో స్లైడ్లున్నాయి. అవెక్కడ?”

“గాజు పెంకు దొరికితే చాలు, మీరు అష్టావధానం మొదలెడతారు” అన్నాడు ఇన్‌స్పెక్టర్. అంటూనే చుట్టూ వెతికాడు. స్లైడ్లు లేవు.

ఎలుకల గది మెట్ల పక్కనే. గుమ్మంలో ముడుచుకు కూర్చున్న ఆవిడ డిటెక్టివ్‌ని చూడగానే బావురుమంది. ఆ రోజుల్లో కూడా ఈవిడే. అందరూ ఎలుకలమ్మ అనేవారు. ఇప్పుడు జుట్టు ముగ్గుబుట్టయింది.

“నన్ను తీసుకుపోతారంట తల్లీ. పెద్దయ్యగారి మీద నేను చెయ్యెత్తుతానా?”

“ఎత్తవని నాకు తెలుసు. ముందు కళ్ళు తుడుచుకో. ఆయన నీ మీద ఎందుకు కోప్పడ్డారు?”

“కొత్త మందు వేసిన ఎలుకలు వెనక్కాళ్ళు ఈడుస్తన్నాయని చెప్పాను. దొరబాబుగారికి పోయిన వారమే చెప్పా. సూది సరిగ్గా దిగుండదు, నీ పని నువ్వు చూసుకో అన్నారు. మనసొప్పక నిన్న మధ్యాహ్నం పెద్దయ్యగారికి చెప్పాను. ‘ఇవాళా చెప్పేది! ఇవాళా!’ అని అరిచారమ్మా. అంత కోపం ఎన్నడూ చూళ్ళేదు.”

“సాయంత్రం ఏం విన్నావు?”

“ఏదో దబ్బున పడింది. పైన బోను జారిందనుకున్నా. రెండు బోన్లకి నీళ్ళసీసాలు మార్చేసరికి దొరబాబుగారు కేకేశారు. పరిగెత్తి చూద్దును గదా...”

డిటెక్టివ్ బోన్లలోకి వంగి చూసింది. తెల్ల ఎలుకలు ముందుకాళ్ళతో పాకుతూ, వెనక సగాన్ని గోనెసంచిలా లాక్కుపోతున్నాయి. కింది వరసలో ఒకటి రెండు, తూలుతూనే అయినా, నాలుగు కాళ్ళ మీదా నిలబడ్డాయి.

“ఇవి తక్కువ మందు పడ్డవి. లేస్తన్నాయి” అంది ఎలుకలమ్మ.

డిటెక్టివ్ మనసు మాత్రం ఒక్కమాట దగ్గరే ఆగిపోయింది. ఇవాళా చెప్పేది? నిన్నటి రోజుకున్న ప్రత్యేకత ఏమిటి?

* * *

విభాగాధిపతి గదిలో గోడంతా ఆక్రమించి, మాస్టారు గీసిన పటం వేలాడుతోంది. దాన్ని చూసి డిటెక్టివ్ అడుగు ఆగింది.

వెన్నుపామును అడ్డంగా కోస్తే, నడుమ బూడిదరంగులో రెక్కలు చాచిన సీతాకోకచిలుక కనిపిస్తుంది. ఒంట్లో ఎక్కడ నొప్పి పుట్టినా ఆ కబురు ముందు ఆ రెక్కల పై అంచుకే చేరుతుంది. దాన్ని అక్కడే అణచడానికి శరీరం తన నల్లమందు తానే తయారుచేసుకుంటుంది. అవి పెప్టైడ్లనే చిన్న ప్రోటీన్ ముక్కలు. ఏ కణంలో ఏ పెప్టైడు ఉందో చుక్కలు పెట్టి చూపే పటం అది. ఎన్‌కెఫలిన్‌కి ఆకుపచ్చ చుక్క. డైనార్ఫిన్‌కి ఎర్ర చుక్క. మాస్టారి జీవితమంతా ఆ చుక్కల్లోనే ఉంది.

ఆ రోజుల్లో దీపాలు పెట్టే వేళకు పిన్నిగారు వచ్చి తలుపు దగ్గర నిలబడేది. “మీ మాస్టారిని ఒక పూట నాకు అరువిస్తారా అర్రా?” అనేది. ఆయన తల ఎత్తకుండా “ఇంకొక్క చుక్క” అనేవారు. ఆ ఒక్క చుక్కా ఎప్పుడూ ఒక్కటి కాదు. పిన్నిగారు స్టూలు లాక్కుని కూర్చుని, పెన్సిళ్ళు చెక్కి ఆయనకు అందించేది. ఈ చదువు మానేసి డిటెక్టివ్‌ని అవుతానని చెప్పిన రోజున, తిట్లు తినడానికి సిద్ధపడే వచ్చింది ఆమె. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, “మానడమేమిటమ్మా? పరిశోధనకి ముందు అపరాధం తగిలిస్తున్నావు, అంతేగా!” అన్నారు. పిన్నిగారు ఫక్కున నవ్వింది. ఆ నవ్వు ఈ గోడల్లో ఇంకా ఎక్కడో ఉన్నట్టే అనిపించింది.

“బ్లేడూ! నువ్వా!”

కుర్చీలోంచి లేచిన మనిషి ఆమెతో పాటు ఒకే బల్ల మీద పనిచేసినవాడు. డాక్టరు చదువు చదివి పరిశోధనలోకి వచ్చాడు. ఏనాడూ తన గాజుసామాను తను కడుక్కున్న పాపాన పోలేదు గనక దొరబాబు అయ్యాడు. ఇప్పుడు నిజంగానే ఈ అంతస్తుకి దొర.

“నిన్న మాస్టారు ఎలా ఉన్నారు?” అని అడిగింది ఆమె.

“మామూలుగానే. పొద్దున్నే వచ్చారు. పాపం, కాలు తడబడింది.”

“చప్పుడు విని నువ్వే కేకేశావట.”

“వినగానే పరిగెత్తాను.”

“వినగానేనా?”

“అదేం ప్రశ్న? వినగానే.”

“చప్పుడయ్యాక ఎలుకలమ్మ రెండు బోన్లకి సీసాలు మార్చింది. ఆ తర్వాత వినపడింది నీ కేక. ఈలోపల ఏం చేశావు?”

దొరబాబు మొహంలో నవ్వు సడలింది. “నన్ననుమానిస్తున్నావా? ఒకే టీ ఇద్దరం పంచుకు తాగినవాళ్ళం.”

“అందుకే అడుగుతున్నాను. పరాయివాడివైతే ఇన్‌స్పెక్టర్‌గారికి వదిలేసేదాన్ని.”

ఇన్‌స్పెక్టర్ అడ్డొచ్చాడు. “డాక్టరుగారిని విసిగించకండి మేడమ్. రేపో మాపో పెద్ద పేరొచ్చే మనిషి. ఈయన కనిపెట్టిన మందు ఇవాళ ఆసుపత్రిలో మొదటిసారి మనుషులకి వేస్తున్నారు.”

డిటెక్టివ్ చటుక్కున తల తిప్పింది. “ఏ మందు?”

“ఆ పటాన్ని బట్టి చేసిందే” అన్నాడు దొరబాబు, గొంతు సవరించుకుని. “వెన్నులోకి ఎక్కిస్తే, ఆ ఆకుపచ్చ చుక్కల కణాలు వాటి ఎన్‌కెఫలిన్ అవే వదులుతాయి. మత్తు లేకుండా నొప్పి పోతుంది. మాస్టారి కల అది.”

ఆమె బీరువా తెరిచి, ఆకుపచ్చ చుక్కల తాలూకు చెక్కపెట్టె బయటికి తీసింది. స్లైడ్లన్నీ వరసగా ఉన్నాయి. చివరి అరలు ఖాళీ.

“సరిచూసే స్లైడ్లేవి?”

“పాతవి. ఆయనే పారేసుంటారు.”

“ఎవరు, మాస్టారా? విరిగిన స్లైడుని కూడా దూదిలో చుట్టి దాచే మనిషి!”

ఆమె గదంతా కలయజూసింది. మామూలు దొంగయితే ఆ స్లైడ్లను ఈపాటికి నుగ్గు చేసి పారేసేవాడు. కానీ ఇది మాస్టారి దగ్గర పెరిగిన చెయ్యి. ‘స్లైడు పసిబిడ్డ లాంటిది, చల్లగా చీకట్లో పడుకోబెట్టాలి, వెలుగు తగిలితే దాని మెరుపు వెలిసిపోతుంది’ అని ఆయన ఎన్నిసార్లు చెప్పలేదు! ఆ మాట వింటూ పెరిగిన చేతులకి స్లైడు పగలగొట్టడం చేతకాదు. ఆమె నేరుగా మూలనున్న ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళింది.

“అది ముట్టుకోకు!” అన్నాడు దొరబాబు.

సీసాల వెనక, వెండికాగితంలో పొదివిపెట్టిన చిన్న పొట్లం ఉంది. విప్పింది. నాలుగు స్లైడ్లు. ఒకదాని మూత అద్దం అంచు విరిగింది. మెట్ల మీద దొరికిన పెచ్చు దాని పక్కన పెడితే అతికినట్టు సరిపోయింది.

ఇన్‌స్పెక్టర్ ఈసారి అవధానం మాట ఎత్తలేదు.

* * *

మైక్రోస్కోపు గది మెట్ల కిందే ఉంది. కుర్చీ మాస్టారి ఎత్తుకు సరిపెట్టి ఉంది. డిటెక్టివ్ దాన్ని మార్చలేదు. కొద్దిగా నిక్కి కూర్చుని దీపం వేసింది. విరిగిన స్లైడు మీద మాస్టారి ముత్యాల్లాంటి అక్షరాలున్నాయి: ‘వెలగాలి.’

“మీకు అర్థమయ్యేలా చెబుతాను” అంది ఇన్‌స్పెక్టర్‌తో. “పోలీసు కుక్కకి ఒక వాసన చూపించి వదిలితే ఆ మనిషినే పట్టుకుంటుంది కదా? యాంటీబాడీ అలాంటిదే. ఎన్‌కెఫలిన్‌ని వెతికి పట్టుకుంటుంది. పట్టుకున్నచోట ఆకుపచ్చగా వెలుగుతుంది.”

“బాగుంది. ఇబ్బందేమిటి?”

“ఎన్‌కెఫలిన్, డైనార్ఫిన్ అన్నదమ్ములు. మన పేర్లలాగే వాటికీ ఇంటిపేరు ముందొస్తుంది. అది ఇద్దరికీ ఒకటే. కుక్క మనిషిని కాక ఇంటిపేరుని వాసన పడితే?”

“తమ్ముణ్ణి చూసి అన్న అంటుంది.”

“అందుకే సరిచూడాలి. యాంటీబాడీకి ముందే కావలసినంత డైనార్ఫిన్ మేపి, అప్పుడు స్లైడు మీదికి వదలాలి. దానికి నిజంగా ఎన్‌కెఫలినే కావాలంటే, డైనార్ఫిన్ ఎంత మేపినా ఆశ చావదు. స్లైడు వెలిగి తీరాలి. ఇప్పుడు చూడండి.”

ఇన్‌స్పెక్టర్ వంగి ఒక కన్ను మూసి చూశాడు. “ఏమీ లేదే. కటిక చీకటి.”

“అదే. కుక్క కడుపు డైనార్ఫిన్‌తోనే నిండిపోయింది. అంటే అది ఇన్నాళ్ళూ ఇద్దర్నీ ఒకేలా పట్టుకుంటోంది. ఆకుపచ్చ చుక్కల్లో అన్న ఉన్నాడో తమ్ముడున్నాడో ఈ పటం చెప్పలేదు. ఎలుకల కాళ్ళు మాత్రం చెబుతున్నాయి. డైనార్ఫిన్ వెన్నులో మితం మించితే నొప్పి సంగతి దేవుడెరుగు, కాళ్ళు పడిపోతాయి.”

గుమ్మంలో నిలబడ్డ దొరబాబు గోడకి జారగిలబడ్డాడు.

“ఈ స్లైడ్లు చేసింది నేనే” అన్నాడు నెమ్మదిగా. “పటం అచ్చుకి వెళ్ళే ముందు. చీకటిగా వచ్చింది. ఎక్కడో పొరపాటు చేసుంటాననుకున్నాను... అనుకోవాలనిపించింది. వెలిగిందని మాస్టారికి చెప్పాను. నా మాట మీద ఆయన పటాన్ని అచ్చుకి పంపారు. స్లైడు బయటికి తీసి చూడలేదు. నన్ను నమ్మారు.”

“నిన్న తీశారు.”

“ఎలుకల సంగతి విన్నాక.”

“అప్పటికే ఆయన కాళ్ళు ఎందుకు పోయాయి?”

దొరబాబు తల దించుకున్నాడు. డిటెక్టివ్‌కి ఇక అడగాల్సిన అవసరం లేకపోయింది. ‘ఇవాళా చెప్పేది!’

“నువ్వే వేశావు కదూ ఆయనకి ఆ మందు?”

“పొద్దున. ఆయనే పట్టుబట్టారు. పిన్నిగారికి ఒంటి మీద సర్పి పొక్కులు మానినా ఆ మంట తగ్గలేదు. ఈ మందు మొదట వేయించుకునేవాళ్ళలో ఆవిడ పేరిచ్చారు. ‘ఆవిడ వెన్నులో దిగే సూది ముందు నా వెన్నులో దిగాలోయ్. ఎవరికీ చెప్పకు’ అన్నారు. కాదనలేక, తక్కువ మోతాదులో వేశాను. మధ్యాహ్నందాకా కుర్రాడిలా తిరిగారు.”

“పడ్డాక?”

“స్లైడ్లు ఆయన చేతిలో ఉన్నాయి... ముందు అవి ఏరుకున్నాను. పైకెళ్ళి దాచాను. తర్వాత కేకేశాను.”

గదిలో దీపం సన్నగా రొద పెడుతోంది. ఒకే బల్ల, ఒకే టీ అన్న మాట ఎవరికీ గుర్తు చేయాలనిపించలేదు.

“ఇవాళ పిన్నిగారి వంతు అని తెలిసీ ఊరుకున్నావా?”

“రెండుసార్లు ఫోను తీశాను. పెట్టేశాను.”

ఆమె అప్పటికే ఆసుపత్రికి ఫోను కలుపుతోంది. నొప్పుల డాక్టరు పలికాడు. “ఆ మందు ఆపండి. ఎవరికీ వేయొద్దు. మాస్టారి భార్యకి, మా పిన్నిగారికి వేశారా?”

“లేదండీ. నేను సూది చేతిలోకి తీసుకున్నాక, ఒక్క నిమిషం ఆయన్ని చూసొస్తానని పైకెళ్ళారు. అదిగో, వస్తున్నారు.”

ఫోనులో అలికిడి అయింది. తరువాత పిన్నిగారి గొంతు. “అమ్మడూ, ఆయన వేలు కదిపారే. నేను చూశాను. ఈ సూదేదో వేయించుకుంటే ఆయన పక్కన కుదురుగా కూర్చోగలను...”

“వద్దు పిన్నీ. అది మంచిది కాదు. మాస్టారు నిన్న ముందుగా తను వేయించుకున్నారు. అందుకే పడ్డారు. తక్కువ మందే పడిందట, లేచే ఆశ ఉంది.”



“నాకోసమా?” అంది పిన్నిగారు. “చూశావా, నాకు చెప్పనే లేదు.” ఆ తరువాత వచ్చిన శబ్దం ఏడుపో నవ్వో డిటెక్టివ్‌కి తెలియలేదు. ఆమె గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది.

మళ్ళీ డాక్టరు అందుకున్నాడు. ఈసారి అతని గొంతు మారింది. “మేడమ్, అయితే... పొద్దున మొదటాయనకి వేసేశాం.”

“ఎవరాయన? మంచం మీదే ఉన్నాడా?”

“పడుకోమంటే వినలేదండీ. ఏళ్ళనాటి నడుం నొప్పి చేత్తో తీసేసినట్టు పోయిందని, చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. సెలవు పెట్టమన్నాను. బండి ఖాళీగా నిలబెడతానా డాక్టరుగారూ అని వెళ్ళిపోయాడు. బస్సు డ్రైవరు. కొండమీది ఊరి సర్వీసు.”

డిటెక్టివ్ ఆ మాటే పైకి అంది. ఇన్‌స్పెక్టర్ గోడ గడియారం వైపు చూశాడు. అంతవరకూ అతని మొహంలో ఉన్న బింకమంతా ఒక్కసారి జారిపోయింది.

“మా అత్తగారి ఊరి బస్సు అది” అన్నాడు, అప్పటికే మెట్ల వైపు పరుగెడుతూ. “ఈపాటికి కొండెక్కేసి ఉంటుంది. ఇక దిగడమే.”